కౌమారుల సాధికారతను, ఆడ–మగ సమానత్వంపై వారి వైఖరిని కొలవడానికి ఏ సాధనం ఎంచుకోవాలి?

ఆడపిల్లల చదువు కోసం, బాల్యవివాహాల నివారణ కోసం, మగపిల్లల ఆలోచన మార్చడం కోసం పనిచేసే ప్రతి సంస్థకూ ఏదో ఒక దశలో ఒక ప్రశ్న ఎదురవుతుంది: మన పనివల్ల ఏమైనా మారిందని ఎలా తెలుస్తుంది? అప్పుడు చాలామంది ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో ఒక ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి, పిల్లల చేత నింపించి, కార్యక్రమానికి ముందూ తర్వాతా వచ్చిన మార్కుల తేడాను నివేదికలో రాసేస్తారు. ఆ ప్రశ్నావళి ఎవరి కోసం తయారైంది, ఏ వయసువారికి పనికొస్తుంది, దాని ఆధారంగా ఏ నిర్ణయం తీసుకోబోతున్నాం అన్న విచారణ లేకపోతే పిల్లల సమయం వృథా అవుతుంది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది: పనిచేయని కార్యక్రమం పనిచేసినట్టు, నిజంగా పనిచేసినది విఫలమైనట్టు కనిపిస్తుంది. అందుకే ఇప్పుడు వాడుకలో ఉన్న ప్రధాన మార్గాలను పోల్చి, ఏ సందర్భానికి ఏది తగినదో ఇక్కడ చెబుతున్నాను.

అన్నింటికన్నా ముందు, మనం కొలవదలచుకున్నది వైఖరినా, సాధికారతనా అన్నది తేల్చుకోవాలి. ఆడపిల్లలు కూడా డిగ్రీ దాకా చదవాలని ఒక పదమూడేళ్ల బాలిక మనస్ఫూర్తిగా నమ్మవచ్చు. అయినా పదో తరగతి తర్వాత ఆమెను కాలేజీలో చేర్చాలా వద్దా అన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు ఆమె అభిప్రాయాన్ని ఎవరూ అడగకపోవచ్చు. మొదటిది ఆమె వైఖరి, రెండవది ఆమెకు తన జీవితంపై ఉన్న అధికారం. సామాజిక ఆర్థికవేత్త నైలా కబీర్ 1999లో ప్రచురించిన వ్యాసంలో సాధికారతను వనరులు, ఏజెన్సీ, ఫలితాలు అనే మూడు పార్శ్వాలుగా వివరించారు. చేతికి అందేవి వనరులు. తన లక్ష్యాన్ని తానే నిర్ణయించుకుని దాని కోసం పూనుకోగలగడం ఏజెన్సీ. చివరకు జీవితంలో సాధించినవి ఫలితాలు. ప్రశ్నావళి సిద్ధమయ్యాక ప్రతి ప్రశ్న పక్కనా అది ఈ మూడింటిలో దేనికి చెందుతుందో, లేక వైఖరికి చెందుతుందో రాసి చూడండి. సాధికారత పేరుతో తయారైన ప్రశ్నావళిలో మూడొంతుల ప్రశ్నలు వైఖరికి సంబంధించినవేనని తేలితే, సర్వే మొదలుపెట్టకముందే దాన్ని సరిదిద్దుకోవచ్చు.

కొత్త సర్వే అవసరమా?

పరిస్థితి ఎలా ఉందో తెలుసుకోవడమే లక్ష్యమైతే, అంటే విధానపత్రమో సిద్ధాంత వ్యాసమో రాయడమో, ఏ జిల్లాలో పని మొదలుపెట్టాలో తేల్చుకోవడమో అయితే, చాలా సందర్భాల్లో కొత్త సర్వే అక్కర్లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అందరికీ అందుబాటులో ఉంది. 2019–21లో జరిగిన ఐదవ విడతలో, ఏడు సందర్భాలలో కనీసం ఒక్కదానిలోనైనా భర్త భార్యను కొట్టడం సమంజసమేనని చెప్పిన మహిళలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం, హిమాచల్ ప్రదేశ్‌లో 14.8 శాతం మాత్రమే. మన రెండు రాష్ట్రాలలో ఈ రంగంలో పనిచేసేవారెవరూ ఈ అంకెలను పక్కన పెట్టలేరు. అయితే ఈ సర్వే 15 ఏళ్లు నిండినవారితోనే మాట్లాడుతుంది కనుక 10 నుంచి 14 ఏళ్ల పిల్లల గురించి ఏమీ చెప్పదు. పైగా ఆ ప్రశ్నలు భార్యాభర్తల సంబంధం గురించినవి. ఏడింటిలో ఒక్కదానికి తలూపినా, ఏడింటికీ తలూపినా ఆ లెక్కలో తేడా ఉండదు. అందుచేత దీన్ని రాష్ట్రాల మధ్య పోలికకు వాడవచ్చు గాని, ఎనిమిదో తరగతి పిల్లల్లో వచ్చిన మార్పును చూడటానికి వాడలేం.

తెలుగు పాఠకులకు దగ్గరగా ఉన్న మరో వనరు యంగ్ లైవ్స్ అధ్యయనం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ఈ అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలై, మొత్తం సుమారు 12,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి అనుసరిస్తూ వచ్చింది. వారిలో సుమారు 3,000 మంది శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ ప్రాంతాలవారు. పన్నెండేళ్ల వయసులో ఒక బాలిక పెట్టుకున్న ఆశలకు పంతొమ్మిదేళ్ల నాటికి ఏ గతి పట్టిందో, ఆమెతోపాటు పెరిగిన అబ్బాయి ఆశలకు ఏమైందో పోల్చి చూడగల సమాచారం మన దగ్గర ఇంతకు మించి లేదనే చెప్పాలి. అయితే పేద ప్రాంతాలకు ఎక్కువ చోటిచ్చి ఎంచుకున్న ఇరవై చోట్ల నుంచి వచ్చిన సమాచారం కనుక దాన్ని రాష్ట్ర సగటుగా చూపించకూడదు. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో పాపులేషన్ కౌన్సిల్ అనే పరిశోధనా సంస్థ 2015–16లోనూ, మళ్లీ 2018–19లోనూ 10–19 ఏళ్ల వారితో జరిపిన ఉదయ సర్వే, ఇథియోపియా, బంగ్లాదేశ్, జోర్డాన్ వంటి దేశాలలో అంకెలనూ సుదీర్ఘ సంభాషణలనూ కలిపి సాగిన గేజ్ (జెండర్ అండ్ అడోలసెన్స్: గ్లోబల్ ఎవిడెన్స్) పరిశోధన ప్రశ్నలు అరువు తెచ్చుకోవడానికి మంచి వనరులు. శరణార్థి కుటుంబాల పిల్లలతోనో, వైకల్యం ఉన్న పిల్లలతోనో పనిచేసేవారు గేజ్ పత్రాలు తప్పక చూడాలి.

మా కార్యక్రమం పనిచేసిందా అన్నదే మీ ప్రశ్న అయితే, ఈ సర్వేలేవీ జవాబివ్వలేవు. అప్పుడు సొంత కొలత కావాలి.

వైఖరి కొలమానాలు: మూడు మార్గాలు

ఎక్కువగా వాడుకలో ఉన్నది జెమ్ (జెండర్ ఈక్విటబుల్ మెన్) స్కేలు. జూలీ పులెర్‌విట్జ్, గ్యారీ బార్కర్ బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో పురుషులతో పనిచేసి రూపొందించిన ఈ 24 వాక్యాల కొలమానం 2008లో ప్రచురితమైంది. ఎన్నో దేశాలలో వాడారు కనుక ఫలితాలను పోల్చుకోవచ్చు. అయితే లైంగిక సంబంధాలు, గర్భనిరోధం గురించిన వాక్యాలు ఇందులో ఉన్నాయి. ఇంటర్, డిగ్రీ యువకులతో వాడదగిన ఈ కొలమానాన్ని ఏడో తరగతి గదిలోకి యథాతథంగా తీసుకెళ్తే తల్లిదండ్రుల నుంచి, ఉపాధ్యాయుల నుంచి అభ్యంతరం తప్పదు. పిల్లలకు అర్థమయ్యే అవకాశమూ తక్కువ. ముంబైలో 12–14 ఏళ్ల పాఠశాల పిల్లలతో జరిగిన జెమ్స్ (జెండర్ ఈక్విటీ మూవ్‌మెంట్ ఇన్ స్కూల్స్) కార్యక్రమంలో వయసుకు తగిన వేరే ప్రశ్నలు తయారుచేసుకున్నారు. చిన్న వయసువారితో పనిచేసేవారికి నా సలహా కూడా అదే.

10–14 ఏళ్లవారి కోసమే తయారైనది ప్రపంచ స్థాయి తొలి కౌమార దశ అధ్యయనం (గ్లోబల్ ఎర్లీ అడోలసెంట్ స్టడీ). జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి చేపట్టిన ఈ అధ్యయనం కిన్షాసా, షాంఘై వంటి భిన్నమైన నగరాల పిల్లలతో మాట్లాడి, అబ్బాయిల గుణాలు, అమ్మాయిల గుణాలు, ఇంటి పనుల పంపకం, ఇద్దరికీ వేర్వేరుగా ఉండే నీతి కొలబద్దల గురించి ప్రశ్నలు రూపొందించింది. వయసు విషయంలో ఇది జెమ్ కన్నా మెరుగు. అయితే ఎక్కువగా నగరాల పేద ప్రాంతాలలో పరీక్షించినది కనుక పల్లె పాఠశాలల్లో ముందుగా ప్రయత్నించి చూడక తప్పదు.

మూడవ మార్గం, ఒక నిర్దిష్ట కార్యక్రమం కోసం అక్కడి జీవితం నుంచే ప్రశ్నలు తయారుచేసుకోవడం. దీనికి మన దేశంలో ఉత్తమ ఉదాహరణ హర్యానాలో బ్రేక్‌త్రూ సంస్థ పాఠశాల కార్యక్రమంపై దివా ధర్, తరుణ్ జైన్, సీమా జయచంద్రన్ చేసిన అధ్యయనం. 314 ప్రభుత్వ పాఠశాలల్లో, సుమారు 14,000 మంది పిల్లలతో సాగిన ఈ ప్రయోగం ఫలితాలు 2022లో వెలువడ్డాయి. వైఖరి 0.18 ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర మెరుగుపడిందనీ, మరో మాటలో చెప్పాలంటే తిరోగమన అభిప్రాయాలలో 16 శాతం మారాయనీ, కార్యక్రమం ముగిసిన రెండేళ్ల తర్వాత కూడా ఆ మార్పు నిలిచిందనీ తేలింది. పిల్లలు తమ ప్రవర్తన గురించి చెప్పిన మాటలలోనూ మార్పు కనిపించింది. అయితే మాటలతో కాక చేతలతో వెల్లడయ్యే రెండు కొలతలపై ప్రభావం ఉందనడానికి దొరికిన ఆధారం బలహీనమేనని పరిశోధకులు దాచకుండా రాశారు. ఆ నిజాయితీని నేను ఎంతో గౌరవిస్తాను, ఎందుకంటే వైఖరి మార్కులు పెరిగితే పని పూర్తయిందనుకునేవారు గుర్తుంచుకోవలసింది ఆ ఒక్క వాక్యమే.

ఏ మార్గం ఎంచుకున్నా ప్రశ్నల తయారీలో కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఆడపిల్లలు బడికి వెళ్లాలా అని అడిగితే దాదాపు అందరూ అవుననే అంటారు. మొదట్లోనే అందరూ పై మెట్టు మీద ఉంటే తర్వాత ఎక్కడానికి మెట్టు మిగలదు. దాని బదులు, ఇంట్లో ఒక్కరిని మాత్రమే ప్రైవేటు కాలేజీకి పంపే స్తోమత ఉంటే అన్నను పంపాలా, అతనికన్నా బాగా చదివే చెల్లెలిని పంపాలా అని అడిగితే జవాబులు విడిపోతాయి. "ఆడవాళ్లు ఉద్యోగం చేయకూడదనడం సరికాదు" వంటి రెండు వ్యతిరేకాలున్న వాక్యానికి "ఒప్పుకోను" అన్న పిల్లవాడి మనసులో ఏముందో ఎవరూ చెప్పలేరు. ఉత్తరాది ప్రశ్నావళులలో ముసుగు వేసుకోవడం గురించి ప్రశ్నలుంటాయి. మన పల్లెల్లో చాలాచోట్ల వాటికి అర్థం లేదు. అదే సమయంలో మేనరికం, పెద్దమనిషి అయిన తర్వాత బడి మాన్పించడం, కట్నం కోసం చదువు ఖర్చు తగ్గించడం వంటి మన విషయాలు వాటిలో దొరకవు. వాటిని మనమే చేర్చుకోవాలి.

ఏజెన్సీ ప్రశ్నలు: ఎక్కువ శ్రమ ఇక్కడే

ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారన్నది వయోజన మహిళల సర్వేల నుంచి వచ్చిన ప్రశ్న. పన్నెండేళ్ల బాలిక విషయంలో దాన్ని అలాగే అడిగితే అమ్మానాన్నలే అన్న జవాబు వస్తుంది, అది ఆ వయసుకు సహజం కూడా. కనుక ఆమె ఒంటరిగా నిర్ణయించిందా అని కాక, నిర్ణయానికి ముందు ఆమెను అడిగారా, ఆమె వేరే మాట చెబితే విన్నారా, ఆ మాట చెప్పడానికి ఆమెకు భయం వేసిందా అన్న వరుసలో అడగాలి. అది కూడా సాధారణంగా కాక, ఈ మధ్య నిజంగా జరిగిన సంగతి గురించి అడగాలి. తొమ్మిదో తరగతిలో ఏ బడిలో చేరాలన్నది, పండక్కి ఏ బట్టలు కొనాలన్నది, ఫోన్ ఎంతసేపు వాడాలన్నది, పెళ్లి చూపుల మాట వచ్చినప్పుడు ఏం జరిగిందన్నది పిల్లలు జ్ఞాపకం నుంచి చెప్పగలరు. నిజంగా జరిగినదాన్ని చెప్పేటప్పుడు, తమను మెచ్చుకునేలా జవాబివ్వాలన్న తాపత్రయం కొంత తగ్గుతుంది.

రాకపోకల స్వేచ్ఛ మరో ప్రధాన సూచిక. బాలిక ఒంటరిగా దుకాణానికి, స్నేహితురాలి ఇంటికి, ఆరోగ్య కేంద్రానికి, మండల కేంద్రానికి బస్సులో వెళ్లగలదా అని అడుగుతారు. ఇక్కడ ఒక పెద్ద చిక్కుంది. గద్వాల, కర్నూలు ప్రాంతాల సంకర పత్తి విత్తన పొలాలలో ఆడపిల్లలు ఏళ్ల తరబడి పనిచేశారు. పొద్దున్నే కూలికి వెళ్లే బాలికకు ఈ ప్రశ్నలన్నింటిలో మంచి మార్కులు వస్తాయి. పట్టణంలో ఇల్లు కదలనివ్వని మధ్యతరగతి బాలికకు తక్కువ వస్తాయి. మొదటి బాలిక ఎక్కువ సాధికారత ఉన్నదని చెప్పడం తప్పు. అందుకే వెళ్లగలవా అన్నదానికి తోడు ఎందుకు వెళ్తావు, వెళ్లనని చెప్పగలవా అన్న రెండు ప్రశ్నలు తప్పనిసరిగా ఉండాలి. వాటిని వదిలేసిన రాకపోకల సూచికను నేను సిఫారసు చేయను.

ఆత్మగౌరవానికి రోజెన్‌బర్గ్ 1965లో ఇచ్చిన పది వాక్యాల కొలమానం, ఆత్మవిశ్వాసానికి ష్వార్జర్, జెరూసలెం ఇచ్చిన పది వాక్యాల కొలమానం చౌకగా, త్వరగా అయిపోతాయి. అవి మానసిక స్థితిని చెబుతాయి గాని ఇంట్లో ఉన్న అధికారాన్ని చెప్పవు. తోడుగా వాడండి, బదులుగా వద్దు.

ప్రశ్నల సంఖ్య తగ్గించాలనుకునేవారికి సీమా జయచంద్రన్ బృందం హర్యానాలో వివాహిత మహిళలతో చేసిన పని దారి చూపుతుంది. వారు ముందుగా 209 మంది మహిళలతో సుదీర్ఘంగా సంభాషించి, ఆ సంభాషణల ఆధారంగా ఒక్కొక్కరి ఏజెన్సీకి మార్కులు వేసి, ఆ మార్కులకు అతి దగ్గరగా వచ్చే ఐదు ప్రశ్నలను పెద్ద జాబితా నుంచి యంత్ర అభ్యసన (మెషీన్ లెర్నింగ్) పద్ధతిలో ఎంచారు. ఆ ఐదు ప్రశ్నలు పెళ్లైన స్త్రీల కోసం కనుక కౌమారులకు పనికిరావు; అరువు తెచ్చుకోవలసింది పద్ధతిని. ఒక విద్యాశాఖకో, పెద్ద సంస్థకో ఏళ్ల తరబడి వాడుకునే చిన్న ప్రశ్నావళి కావాలంటే, ఈ ఖర్చు ఒకసారి పెట్టడం మేలు.

కథలు, చేతలు, ఫలితాలు

చిన్న కథ చెప్పి, ఇప్పుడు ఈ అమ్మాయి ఏం చేస్తుంది, ఆమె తమ్ముడు ఏం చేస్తాడు, ఏం చేస్తే బాగుంటుంది అని అడిగే పద్ధతి పదీ పదకొండేళ్ల పిల్లలతో ఎంతో బాగా పనిచేస్తుంది. తన గురించి చెప్పడానికి మొహమాటపడే బాలిక కథలోని అమ్మాయి గురించి ధారాళంగా మాట్లాడుతుంది. సగం మందికి కథలో అమ్మాయి పేరు, మిగతా సగం మందికి అబ్బాయి పేరు పెట్టి, రెండు జవాబుల తేడాను చూస్తే పక్షపాతం నేరుగా కనిపిస్తుంది. ఇందులో తెలిసేది గుంపు సగటే గాని, ఒక్కొక్క పిల్ల మనసు కాదు.

ఫలితాలను నేరుగా కొలవడం అన్నిటికన్నా గట్టి మార్గం. బంగ్లాదేశ్‌లో పెళ్లి వాయిదా వేసిన కుటుంబాలకు వంటనూనె ఇచ్చిన ప్రయోగం ఇందుకు ఉదాహరణ. రెండేళ్ల ప్రోత్సాహకానికి అర్హులైన బాలికలలో చిన్న వయసు పెళ్లిళ్లు 19 శాతం తగ్గాయి. దానితోపాటు పరీక్షించిన సాధికారత శిక్షణ మాత్రం ఆ పెళ్లిళ్లను తగ్గించలేకపోయింది. పెళ్లి వయసును కొలవకుండా, శిక్షణ తర్వాత బాలికల అభిప్రాయాలను మాత్రమే అడిగి ఉంటే ఈ సంగతి తెలిసేది కాదు. మీ లక్ష్యం బాల్యవివాహాల నివారణ అయితే పెళ్లి తేదీని, బడి రికార్డులోని పుట్టినతేదీని సేకరించండి. చదువు కొనసాగింపు అయితే ఇంటర్‌లో చేరిన రసీదు చూడండి. దీనికి కాలం పడుతుంది. ఏడో తరగతి బాలిక పెళ్లి వయసు తెలియడానికి ఐదారేళ్లు ఆగాలి, అంతవరకు ఆమె చిరునామా తప్పిపోకుండా చూసుకోవాలి. రెండేళ్ల నిధులతో నడిచే సంస్థకు ఇది కష్టం కనుక, మధ్యంతర సూచికగా ఏజెన్సీ ప్రశ్నలు, చివరి సూచికగా ఈ రికార్డులు అని రెండు దశలుగా ఆలోచించడం మంచిది.

మెప్పు కోసం చెప్పే జవాబులు

రెండేళ్లు సమానత్వం గురించి పాఠం చెప్పించుకున్న పిల్లలకు ఏ జవాబు మంచి జవాబో తెలిసిపోతుంది. పాఠం చెప్పిన వ్యక్తే ప్రశ్నలు అడిగితే ఆ సర్వే ఫలితాన్ని నమ్మలేం. వేరేవారు అడగాలి, బాలికలను మహిళలు, బాలురను పురుషులు అడగడం మేలు. హర్యానా అధ్యయనంలో మెప్పు కోసం జవాబిచ్చే స్వభావాన్ని కొలిచే మార్లో–క్రౌన్ కొలమానం 13 ప్రశ్నల రూపాన్ని కూడా చేర్చి, ఆ స్వభావం ఎక్కువగా ఉన్న పిల్లల్లో ఫలితం వేరుగా ఉందేమో పరిశీలించారు. పెద్దగా ఖర్చు లేని జాగ్రత్త ఇది. హింస, ప్రేమ వ్యవహారాల వంటి విషయాలకు హెడ్‌ఫోన్‌లో ప్రశ్న విని తెర మీద తానే జవాబు నొక్కే పద్ధతిని, లేదా జవాబు రాసి అంటించిన కవరులో ఇచ్చే పద్ధతిని వాడవచ్చు. మన ఇళ్లలో సర్వే జరుగుతుంటే నాయనమ్మో పక్కింటివారో వచ్చి కూర్చోవడం మామూలే కనుక, వీలైనంతవరకు బడిలోనే, ఇతరులకు వినపడని చోట అడగడం మంచిది. అయితే బడి మానేసిన పిల్లలను ఇంటి దగ్గర వెతికి పట్టుకోవలసిందే. వారిని వదిలేస్తే, ఎవరి కోసం ఈ పని మొదలుపెట్టామో వారే లెక్కలో లేకుండా పోతారు.

ఎంతమంది కావాలి?

హర్యానాలో కనిపించినంత మార్పును, అంటే 0.18 ప్రామాణిక విచలనాన్ని పట్టుకోవాలంటే, పిల్లలను ఒక్కొక్కరిగా లాటరీ వేసి విభజించినా, మామూలుగా అనుసరించే 80 శాతం సామర్థ్యం (నిజంగా ఉన్న మార్పును పట్టుకోగల అవకాశం), 5 శాతం పొరపాటు (లేని మార్పును ఉన్నట్టు చూపే ప్రమాదం) ప్రమాణాలతో ఒక్కో పక్షాన, అంటే కార్యక్రమం అందేవారిలోనూ అందనివారిలోనూ, సుమారు 485 మంది కావాలి. పాఠశాలలవారీగా విభజిస్తే, బడికి 40 మంది చొప్పున, ఒకే బడి పిల్లల జవాబుల మధ్య పోలికను చెప్పే సహసంబంధం 0.05 అనుకుంటే, ఒక్కో పక్షాన 36 పాఠశాలలు అవసరమవుతాయి. రెండు మూడు బడులలో పనిచేసే సంస్థ తన ప్రభావాన్ని అంకెలతో నిరూపించగలనని నిధులిచ్చేవారికి మాట ఇవ్వకూడదు. అటువంటి సంస్థ తన డబ్బును, సమయాన్ని కొద్దిమంది పిల్లలతో, వారి తల్లులతో, ఉపాధ్యాయులతో లోతుగా మాట్లాడటానికి, హాజరు రికార్డులు చూడటానికి వెచ్చిస్తే, ఎక్కువ నేర్చుకుంటుంది. నిధులిచ్చేవారు కూడా దీన్ని అంగీకరించాలి. చిన్న సంస్థల నుంచి పెద్ద అంకెలు కోరడం వాటిచేత అబద్ధాలు రాయించడమే అవుతుంది.

జిల్లా అంతటా, ఉదాహరణకు కస్తూర్బా విద్యాలయాలన్నింటిలో పనిచేసే కార్యక్రమానికైతే నా ఎంపిక ఇది: మొదట కొన్ని బడులలో సంభాషణలు, వాటి నుంచి స్థానికంగా తయారైన పది పన్నెండు వైఖరి ప్రశ్నలు, నిజంగా జరిగిన నిర్ణయాల గురించి ఐదారు ఏజెన్సీ ప్రశ్నలు, రెండు కథలు, మెప్పు స్వభావాన్ని కొలిచే ప్రశ్నలు, చదువు, పెళ్లి రికార్డులు. బాలుర పాఠశాలలను, సహవిద్య పాఠశాలలను కూడా కలపాలి, ఎందుకంటే హర్యానాలో ప్రవర్తన మార్పు బాలురలోనే ఎక్కువగా కనిపించింది. బాలికలు మారాలనుకున్నా ఇల్లు అడ్డుపడుతుంది.

పిల్లల సమ్మతి విషయంలో ఏ ఎంపికా లేదు. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల అనుమతితో పాటు 7–12 ఏళ్ల పిల్లల నుంచి మౌఖికంగా, 12–18 ఏళ్లవారి నుంచి రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. లైంగిక వేధింపు జరిగిందని పిల్లలు చెబితే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం దాన్ని పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. కాబట్టి అటువంటి ప్రశ్న అడగబోయే ముందే, చెప్పిన సంగతిని పూర్తిగా రహస్యంగా ఉంచలేమని పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలి, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు ఇవ్వాలి, ఆ రోజే అందుబాటులో ఉండే ఒక కౌన్సెలర్‌ను ఏర్పాటు చేసుకోవాలి. ఆ ఏర్పాటు చేయలేని సంస్థ ఆ ప్రశ్నలను ప్రశ్నావళి నుంచి తీసేయాలి.